కింది కొట్టుకు థర్మాకోల్ కోటు తొడిగించినవాడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఇంటి పేజీలో పాత ఇళ్ళను ఎండకు తట్టుకునేలా చేసుకోవడం గురించి ఒక వ్యాసం వేశారు. చాలావరకు బాగానే ఉంది. చెట్లు, చూరు, కిటికీలకు వట్టివేళ్ళ తడకలు, అన్నీ సరే. మధ్యలో నాలుగు వాక్యాలు మాత్రం నాకు గొంతులో చేపముల్లులా దిగాయి. బేస్‌మెంట్ ఉన్న పాత ఇళ్ళలో గోడలకు లోపలివైపు థర్మాకోల్ పలకలు అంటించి, పైన జిప్సం బోర్డు బిగిస్తే ఆ గది చల్లగా, పొడిగా ఉంటుందని రాశారు. ఆ పని నేను చేయించాను సార్. కర్నూలు పాతబస్తీలో, మా తాత కట్టించిన ఇంట్లో, లక్షా పదివేలు పెట్టి. ఏడాది తిరక్కుండానే అదంతా పీకించడానికి ఇంకో పద్దెనిమిది వేలు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, మీకు చోటు లేకపోతే కత్తిరించుకోండి, కానీ బోర్డు విప్పితే వెనక ఏం కనిపించిందన్న ముక్క మాత్రం తీసేయొద్దు.

అసలు మాట దగ్గరే తిరకాసు ఉంది. మన మేస్త్రీని అడగండి, బేస్‌మెంట్ అంటే పునాది మీద, నేలకు పైన లేపే కట్టు. "బేస్‌మెంట్ మూడడుగులు లేపుదామా సార్" అని అడుగుతాడు. మీ వ్యాసంలో బేస్‌మెంట్ అంటే నేల కింది గది, అంటే నేలమాళిగ. ఫోన్లో వీడియోలు చూసి వచ్చినవాళ్ళు ఒకటి అనుకుంటారు, పనివాడు ఇంకొకటి అనుకుంటాడు, మధ్యలో డబ్బులు ఖర్చవుతాయి. మా ఇంట్లో ఈ రెండు మాటలూ లేవు, అందరూ దాన్ని కింది కొట్టు అనే అంటారు, నేనూ అట్లాగే రాస్తాను.

కింది కొట్టు పెద్దదేం కాదు. పది మెట్లు దిగితే పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు గది. నేల కింద ఏడడుగుల లోతు. రెండడుగుల మందం రాతి గోడలు, డంగు సున్నంతో, అంటే గానుగ ఆడించిన సున్నంతో కట్టినవి, నేల మీద కడప బండలు. వీధివైపు గోడకు పైన, అరుగు కింద, అరచేయి దూరేంత గాలి కన్నాలు నాలుగు. తాత దాన్ని జొన్నల కోసం కట్టించాడు. పల్లెల్లో అయితే పాతర తవ్వేవాళ్ళు, గట్టి నేల చూసి, అడుగున చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తేవాళ్ళు. ఆ గడ్డి దేనికి? ఎండకు కాదు, నేల తడి గింజకు తగలకుండా. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఈ మాట దగ్గరికి వస్తాను. పాతర మూత తీసిన వెంటనే ఎవరూ దిగేవాళ్ళు కాదు, ఒక పూట తెరిచి వదిలేసి, దీపం దించి అది ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగేవాడు, ఎందుకంటే గింజలు కూడా గాలి పీల్చి చెడ్డగాలి వదులుతాయి, అది అడుగున నిలిచిపోతుంది. మూసిన గోతి గురించి మన పెద్దవాళ్ళకు తెలిసినంత ఈ బోర్డులు బిగించే కుర్రవాళ్ళకు తెలియదని నా అనుమానం.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953 నుంచి 1956 దాకా ఊళ్ళో గదులు దొరికేవి కావు, ఆఫీసులే డేరాల్లో నడిచాయి కదా. ఆ రోజుల్లో మా మిద్దె గదిలో అద్దెకున్న ఇద్దరు గుమాస్తాలు ఎండాకాలం మధ్యాహ్నాలు చాపలు పట్టుకుని కింది కొట్టులోకి దిగి పడుకునేవారని నాన్న చెప్పేవాడు. అప్పుడు థర్మాకోల్ లేదు, ఏసీ లేదు. చల్లదనం ఎక్కణ్ణుంచి వచ్చింది మరి? నేలలోంచే. పది అడుగుల లోతుకు వెళితే నేల వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, ఆ ఊరి ఏడాది సగటు ఎంతో దాని దగ్గరే ఉంటుంది. మన కర్నూలుకు అది 28 డిగ్రీల దరిదాపు. మా కొట్టు ఏడడుగులే కాబట్టి కొంచెం ఎక్కువ. పోయిన మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం గోడకు తగిలించే మామూలు థర్మామీటరు పట్టుకుని మూడుచోట్లా చూశాను. వీధి అరుగు నీడన 43, మిద్దె గదిలో 38, కింది కొట్టులో 30.

ఇక కథకు వస్తాను. మా అమ్మాయికి ట్యూషన్లు చెప్పుకోవడానికి గది కావలసివచ్చింది. పై గది ఎండకు పొయ్యి. కింది కొట్టు ఖాళీ. మా పెద్దల్లుడు అమెరికాలో, చలి ఎక్కువుండే మిన్నెసోటాలో ఉంటాడు, అక్కడ వాళ్ళు కొన్న ఇల్లు కూడా పాతదే, దాని కింద కూడా రాతి గోడల గది, వాడు స్వయంగా దానికి నురుగు పలకలు అంటించుకున్నాడు, ఫొటోలు పంపాడు, తెల్లగా, శుభ్రంగా, సినిమా హాల్లా ఉంది. నాకు ఆశ పుట్టింది. ఇక్కడ ఒక కాంట్రాక్టరు దొరికాడు, పేరు అనవసరం, మనిషి మంచివాడే, చెప్పినట్టే చేశాడు, తప్పు నాదీ సగం. పాత సున్నం గీకేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో నేల నుంచి అయిదడుగుల ఎత్తు పూత వేశాడు. దాని మీద చెక్క రీపర్లు కొట్టి, మధ్యమధ్య అంగుళం థర్మాకోల్ పెట్టి, పైన జిప్సం బోర్డు, పుట్టీ, లేత నీలం రంగు. గాలి కన్నాలు మూసేశాడు, ఏసీ చల్లదనం పోతుందని. ఒక టన్ను ఏసీ పెట్టాం. ప్రారంభం రోజు మా అమ్మ పది మెట్లూ గోడ పట్టుకుని దిగి, అంతా చూసి, బోర్డు మీద వేలితో కొట్టి, "గోడకు గోనెపట్ట చుట్టినట్టుండాది, లోపల ఏం కుళ్ళుతాదో ఏమో" అంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, చాదస్తం అనుకున్నాం.

మొదటి చిక్కు నెలలోనే తెలిసింది. ఇదివరకు ఏసీ లేకుండానే చల్లగా ఉన్న గది ఇప్పుడు ఏసీ ఆపితే అరగంటలో ఉక్కపోస్తుంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, తరువాత తెలిసింది. ఒక అంగుళం థర్మాకోల్ అడ్డుకునేంత వేడిని రాయితో అడ్డుకోవాలంటే నాలుగడుగుల గోడ కావాలి, అంత గట్టి అడ్డు అది. గదిలో పదిమంది పిల్లలు, నాలుగు ట్యూబ్‌లైట్లు, ఒక కంప్యూటరు. ఆ వేడి ఇదివరకు చల్లని రాతి గోడలోకి పోయేది. ఇప్పుడు పోవడానికి దారి లేదు. చల్లకుండను ఎదురుగా పెట్టుకుని మధ్యలో పరుపు అడ్డం నిలబెట్టుకున్నట్టు అయింది. అంటే నేను డబ్బులిచ్చి నేల చల్లదనాన్ని బయట పెట్టి, కరెంటు బిల్లు కట్టి చల్లదనం కొనుక్కున్నాను.

రెండో చిక్కు వానలకు మొదలైంది. ఆగస్టులో వాసన. మొదట తడిసిన చాప వాసన, వినాయక చవితికల్లా ఎలుక చచ్చిన వాసన, పిల్లలు ముక్కు మూసుకుని కూర్చునేవాళ్ళు, ఒక పిల్లవాడికి తుమ్ములు ఆగక వాళ్ళమ్మ మాన్పించేసింది. అగరుబత్తీలు, ఫినాయిలు, రూమ్ ఫ్రెష్‌నర్, ఏం చేసినా పైన పైనే. దసరా సెలవుల్లో వడ్రంగిని పిలిచి మూలన ఒక బోర్డు విప్పించాను.

బోర్డు వెనకవైపు కాగితం మొత్తం నల్లటి బూజు, మసి పూసినట్టు. కింది రెండడుగులు చేత్తో పట్టుకుంటే మెత్తటి ఉప్మాలా రాలింది. థర్మాకోల్ పలక మీద సన్నని నీటిబొట్లు వరసగా, ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసా మీద ఉన్నట్టు. పలకను పక్కకు లాగితే దాని మందంలోంచి చెదలు తొలుచుకుంటూ పోయిన సొరంగాలు, వేలు దూరేంత, మట్టి పూసి మరీ. చెదలకు థర్మాకోల్ తిండి కాదు, కానీ దారి చేసుకోవడానికి దానికన్నా మెత్తటిది ఏముంది? తిండి చెక్క రీపర్లు, అవి డొల్ల. వాటి వెనక వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత గోడ నుంచి విడిపోయి ఉబ్బింది, తడితే డబ్బా మోత. సుత్తితో ఒక దెబ్బ వేస్తే పళ్ళెమంత పెళ్ళ ఊడింది, వెనకంతా తెల్లటి పొడి, దూది రేకల్లా. మా వైపు చౌడు పట్టింది అంటాం. వడ్రంగి నా ముఖం చూసి ఇంక విప్పాలా వద్దా అని అడగలేదు, మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

అల్లుడికి వీడియో కాల్ చేసి చూపించాను. వాడు కాసేపు చూసి, "మామా, మా ఇంట్లో కథ దీనికి తలకిందులు" అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను, ఎందుకంటే మీ వ్యాసం రాసినాయన తప్పు పోయింది సరిగ్గా ఇక్కడే.

వాళ్ళకు చలికాలంలో బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. నేల మూడున్నర నుంచి అయిదడుగుల లోతు దాకా గడ్డకడుతుంది, గడ్డకట్టిన నేల ఉబ్బి పునాదిని ఎత్తేస్తుంది కాబట్టి పునాది అంతకన్నా లోతుకు పోవాల్సిందే, ఎట్లాగూ తవ్వారు కదా అని అక్కడ గది చేసుకుంటారు. గది లోపల హీటర్, గోడ చల్లన. లోపలి వెచ్చటి గాలిలో ఉన్న తేమ ఆ చల్లని గోడకు తగిలి నీళ్ళవుతుంది. అందుకని వాళ్ళు లోపలి గాలి గోడను ముట్టుకోకుండా నురుగు పలకలు సందు లేకుండా అంటిస్తారు, వేడీ నిలుస్తుంది, గోడా తడవదు. మన దగ్గర? గోడ 28 డిగ్రీలు, వానాకాలంలో నానిన తడి గోడ. లోపల ఏసీ 22. తడి ఎటు వెళుతుంది? వెచ్చటి గోడలోంచి చల్లని గదివైపు. దారిలో ఏది చల్లగా తగిలితే దాని మీద నీళ్ళవుతుంది. అది జిప్సం బోర్డు వీపు. అంటే వాళ్ళకు గోడ మీద పట్టే నీళ్ళు మనకు బోర్డు వెనక పడతాయి, కంటికి కనపడని చోట. వాడు ఇంకో మాట కూడా అన్నాడు, వాళ్ళ ఊళ్ళో కూడా తెలిసిన పనివాడెవడూ తడి గోడకు పలక అంటించడట, ముందు చూరు నీళ్ళు దూరంగా పోయేలా గొట్టాలు, ఇంటి చుట్టూ నేల వాలు, ఆ తరువాత ఒక ఏడాది ఆగి గోడ పొడిగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు పలకలు. ఫొటోలో ఆ ఏడాది కనపడదు కదా.

మరి మా గోడకు అంత తడి ఎక్కణ్ణుంచి వచ్చింది? నాన్న ఉన్నన్నాళ్ళూ లేదే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడినప్పుడు కింది కొట్టు పైదాకా నిండింది, మోకాలి లోతు ఒండ్రు మిగిలింది. ఒండ్రు ఎత్తి పోయించాక నాన్న గోడలను ముట్టుకోనివ్వలేదు. రంగు వేయనివ్వలేదు, సిమెంటు పూయనివ్వలేదు. తలుపు తెరిచి, కన్నాలు తెరిచి, రెండు వేసవులు అట్లాగే వదిలేశాడు. ఒక పక్క నుంచి ఆరే గోడకు అంగుళానికి నెల చొప్పున పడుతుందని ఇంజినీర్లు వేసే మోటు లెక్క, రెండడుగుల గోడకు అంటే రెండేళ్ళు, నాన్నకు ఆ లెక్క తెలియదు, కానీ సరిగ్గా అంతే ఆగాడు. నేను మాత్రం ఒక్క ఏప్రిల్ నెలలో పని ముగించాలని తొందరపడ్డాను.

విప్పిన తరువాత పల్లె నుంచి ఒక పాత సున్నపు మేస్త్రీని పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి, ఎవరూ పిలవక పని మానేసి మేకలు కాసుకుంటున్నాడు. ఆయన లోపలికి రాలేదు. ముందు వీధిలో ఇంటి చుట్టూ తిరిగాడు. "రోడ్డు ఎన్నిమార్లు యేసినారు సామీ?" అని అడిగాడు. నాకు గుర్తున్నంతలో మూడుసార్లు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది, దాని మీదే ఇంకోటి. చిన్నప్పుడు వీధి నుంచి మా అరుగు ఎక్కడానికి మూడు మెట్లు ఉండేవి, ఇప్పుడు ఒకటే మెట్టు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉండాల్సిన గాలి కన్నాలు ఇప్పుడు రోడ్డుకు నాలుగు అంగుళాల పైన. వీధి నీళ్ళు ఇదివరకు కాలువలోకి పోయేవి, ఇప్పుడు మా గోడ దగ్గర నిలుస్తాయి. రోడ్డు వేసినవాళ్ళకు ఇది చిన్న విషయం, పాత ఇళ్ళవాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క సంగతి మీద మీరు ప్రత్యేకంగా ఒక వార్త రాస్తే సగం ఊరు మీకు దండం పెడుతుంది, కర్నూల్లోనే కాదు, కడపలో, అనంతపురంలో పాత పేటల్లో ఎవరిని అడిగినా ఇదే పాట.

తరువాత ఆయన లోపలికి వచ్చి గోడ మీద చేయి పెట్టి నడిచాడు. ఒకచోట ఆగి, గోరుతో గీకి, నల్లటి గీత ఒకటి చూపించాడు. గోడ పొడవునా రాళ్ళ వరసల మధ్య అంగుళంన్నర మందం కడప బండ, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి నేను దాన్ని చూడలేదు. కింది తడి గోడలోంచి పాకి పైకి ఎక్కుతుంటే ఆ బండ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే గట్టి బండ నీళ్ళు పీల్చదు. మా తాత మేస్త్రీ నూరు రూపాయల ఇంజినీరింగ్ పుస్తకం చదవకుండానే పెట్టాడు. మన కాంట్రాక్టరు ఏం చేశాడు? దాని కింద నుంచి పైదాకా అయిదడుగులు సిమెంటు పూత పూశాడు. తడి బండను దాటలేదు గానీ సిమెంటు పూత వెనక నిచ్చెన ఎక్కినట్టు ఎక్కింది. కన్నాలు మూశాం కాబట్టి ఆరే దారి లేదు. నీళ్ళు ఆరేచోట ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, పూతను తోస్తుంది. సున్నపు పూత అయితే తడిని బయటికి వదిలి తను కొంచెం కొంచెం పొడి రాలుతుంది, అయిదారేళ్ళకు ఒకసారి పూసుకుంటే గోడ బతుకుతుంది. సిమెంటు మొండిగా పట్టుకుని కూర్చుని, వెళ్ళేటప్పుడు రాయి పైపొరను కూడా వెంట తీసుకుపోతుంది.

మీ గోడ తడి నేలలోంచి వస్తోందా, గాలిలోంచి వస్తోందా అని తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది, ఇది మాత్రం అచ్చు వేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు గోడకు ఆనించి నాలుగు పక్కలా టేపు వేయండి, గాలి దూరకుండా. రెండు రోజులు వదిలేయండి. గోడవైపు లోపల బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు పైన పడితే గాలిలోని తేమ. మా ఇంట్లో అయిదు చోట్ల పెడితే అయిదు చోట్లా లోపలే.

ఆ సంక్రాంతి నుంచి పని మొదలుపెట్టాం. సిమెంటు పూత మొత్తం ఉలితో కొట్టించాం, డ్రిల్లు పెట్టొద్దన్నాడు పెద్దాయన, రాళ్ళు కదులుతాయని. ఉప్పు పొడిని పొడి బ్రష్‌తో దులిపించి గోనెసంచుల్లో ఎత్తి ఊరి బయట పోయించాం, నీళ్ళతో కడిగితే అది మళ్ళీ గోడలోకే పోతుందట. కన్నాలు తెరిచి, రోడ్డు నీళ్ళు రాకుండా బయట వాటి చుట్టూ రాతి గట్టు కట్టించాం. చూరు నీళ్ళు నేరుగా గోడ పక్కన పడేవి, గొట్టం పెట్టి పది అడుగుల అవతలికి మళ్ళించాం. గోడ వెంబడి రెండడుగుల వెడల్పున తాడిపత్రి బండలు బయటికి వాలుగా పరిపించాం. ఇవన్నీ ఇంటి బయట పనులు, చూడండి, తడి గోడకు లోపల చేసేదేమీ లేదు దాదాపు. జనవరి నుంచి మే దాకా మన గాలి పొడి గాలి, గోడ ఆరడానికి అంతకన్నా మంచి కాలం లేదు. మూలన ఒక టేబుల్ ఫ్యాను పెట్టి రాత్రిళ్ళు తిప్పాను. ఒక ఎండాకాలం ఆగాం, ఒక వానాకాలం చూశాం, మళ్ళీ కవర్లు అంటించాం, అయిదింట్లో రెండుచోట్లే చెమ్మ. ఈ ఏడు శివరాత్రి తరువాత సున్నపు పూత వేయించాం. సున్నం దొరకడమే కష్టమైంది, గానుగ ఆడించిన సున్నం కోసం మూడు ఊళ్ళు తిరిగాను. మొత్తం ఖర్చు నలభై రెండు వేలు, అందులో కూలీలే ఎక్కువ.

ఇదంతా విని ఇన్సులేషన్ మంచిది కాదంటున్నానని అనుకోవద్దు. తప్పు చోట పెట్టామంటున్నాను. ఎండ నెత్తి మీద ఉంటుంది, మనం కాళ్ళకు గొడుగు పట్టాం. మా మిద్దె పాతకాలంలో మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, పైన బండలు, వాటి మీద జానెడుకు పైగా మట్టి, ఆ పైన చౌడు. ప్రతి ఏటా తొలకరికి ముందు చౌడు తెప్పించి మిద్దె మీద పోసి సర్దడం మా ఇంట్లో పండగలాంటి పని. గోడకు శత్రువైన ఆ చౌడే మిద్దె మీద చుట్టం, తడవగానే మెత్తగా ముద్దయి సందులన్నీ మూసుకుని చుక్క దిగనివ్వదు. మధ్యలో గవాచి, దానిలోంచి వెలుతురు, వేడి గాలి పైకి పోయే దారి కూడా అదే. 1990ల్లో మిద్దె కారుతోందని, చౌడు తెచ్చేవాళ్ళు లేరని అంతా పీకేసి అయిదంగుళాల స్లాబు వేశాం. అందరూ వేశారు. గవాచీ పోయింది, మట్టీ పోయింది. ఆ రోజు నుంచే పై గది పొయ్యి అయింది. మే నెలలో రాత్రి పదకొండింటికి స్లాబు కింద చేయెత్తితే పెనం మీద పెట్టినట్టు ఉంటుంది, పగలంతా పీల్చిన వేడిని రాత్రి మన మీద దించుతుంది.

అల్లుడి నురుగు పలకలకు అసలు చోటు అది. నీళ్ళు పీల్చని గట్టి రకం పలకలు స్లాబు పైన పరిచి, మీద మెష్, వాలు కాంక్రీటు, పైన తెల్ల టైల్స్. అంత డబ్బు లేకపోతే సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు, ప్రతి మార్చికీ. పక్కనున్న తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది, అంటే ఇది నా సొంత పైత్యం కాదు. థర్మాకోల్ మాత్రం లోపలివైపు బయటికి కనపడేలా అంటించొద్దు, అగ్గి తగిలితే అది కరిగి కారుతూ మండుతుంది, నల్లటి పొగ, కింద గదిలో అయితే పారిపోవడానికి ఉండేది ఆ ఒక్క మెట్ల దారే.

కింది గదినే గదిగా వాడుకోవాలి, రాతి గోడ కనపడకూడదు అనుకునేవాళ్ళుంటారు, మా అమ్మాయి మొదట అట్లాగే అంది. వాళ్ళకు నేను చెప్పేది, గోడ ఆరిందని తేలాక, గోడకు రెండంగుళాలు ఎడంగా ఇనుప రేకు ఫ్రేము నిలబెట్టుకోండి, చెక్క వద్దు. కింద, పైన గాలి ఆడేలా సందు వదలండి. ఏసీ పెట్టినా 27 డిగ్రీల కన్నా కిందికి దించొద్దు. నేల కింద ఉంటే చాలు చల్లగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే, బేలం గుహలకు వెళ్ళినవాళ్ళను అడగండి, గొట్టాలతో లోపలికి గాలి పంపుతున్నా ఒళ్ళంతా చెమటలతో బయటికి వస్తారు. చల్లదనం నేల ఇస్తుంది, గాలి మనం ఇవ్వాలి. మేం ఎండాకాలం పగలు కన్నాలకు గోనెపట్ట అడ్డం పెట్టి రాత్రి తీసేస్తాం, ముసురు పట్టిన రోజుల్లో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తాం.

సంపాదకుల వారికి నేను అడిగేది రెండే. ఒకటి, ఆ నాలుగు వాక్యాలకు ఒక సవరణ వేయండి. చలిదేశపు సలహాను తర్జుమా చేసి వేసేముందు మన ఎండ ఎటు నుంచి వస్తుందో, మన తడి ఎటు నుంచి వస్తుందో తెలిసిన మేస్త్రీని ఒకరిని అడగండి, ఇంకా నలుగురైదుగురు మిగిలే ఉన్నారు. రెండు, కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం వైపు డంగు సున్నం పని తెలిసినవాళ్ళు, గానుగ ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో మీ విలేకరులతో కనుక్కుని ఒక పేజీ వేయండి. మా పెద్దాయన మేకలమ్మి మళ్ళీ తాపీ పట్టాడు, మా వీధిలోనే ఇంకో రెండు ఇళ్ళు ఒప్పుకున్నాడు, ఒక్కడితో అయ్యే పని కాదు.

ట్యూషన్ పిల్లలు తిరిగి వచ్చారు. తుమ్ములబ్బాయి కూడా వచ్చాడు. ఏసీ ఇప్పుడు పై గదికి ఎక్కింది, మిద్దెకు పలకలు వేయించేదాకా అది అక్కడే ఉంటుంది, డబ్బులు ఇంకా సర్దుబాటు కాలేదు. బోర్డు వెనక సంగతి నమ్మనివాళ్ళ కోసం ఆ చెదలు తొలిచిన థర్మాకోల్ పలక ఒకటి పారేయకుండా మెట్ల కింద దాచాను. చూడాలనుకునేవాళ్ళు మీ ఆఫీసు ద్వారా కబురు చేసి రావచ్చు. మధ్యాహ్నం పూటే రండి, ముందు మిద్దె గదిలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి ఆ తరువాత కిందికి తీసుకెళతాను.

ఇట్లు,
ఒక పాత ఇంటివాడు,
కర్నూలు